ఊరు సరే... బస ఎక్కడ?

ఈ వారం టపాలో ఒకే రోజున రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ మన కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచే. ఒకటి ఆదోని నుంచి, ఇంకొకటి సి.బెళగల్ నుంచి. ఆదోని సోదరి వెళ్లేది రోమ్ నగరానికి. బెళగల్ సోదరి వెళ్లేది హైదరాబాదుకి. ఒకరిది విహారం, ఒకరిది వైద్యం. కానీ ఇద్దరూ అడిగింది ఒకే మాట. "ఆ ఊళ్లో ఏ పేటలో దిగితే బాగుంటుందండీ?"

ఇదేం పెద్ద ప్రశ్న అని తీసిపారెయ్యకండి. ఊరికి బయల్దేరేముందు మనం ఊరగాయ సీసా మూత బిగిందా లేదా అని పదిసార్లు చూసుకుంటాం. పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చామా, పాలవాడికి చెప్పామా అని గుర్తు చేసుకుంటాం. దిగే చోటు సంగతి వచ్చేసరికి మాత్రం "ఆ, ఆయన చూసుకుంటారు లెండి" అని వదిలేస్తాం. ఆయనేమో బస్సు దిగగానే ఎదురుగా ఏ లాడ్జి బోర్డు కనబడితే అందులోకి దారి తీస్తారు! తరువాత బాత్‌రూము గడియ సరిగా పడకపోతే తలుపు దగ్గర కాపలా నిలబడేది ఎవరు? మనమే కదూ!

ముందు ఆదోని సోదరికి జవాబు చెప్పేస్తాను. ఆవిడది తొందరగా తేలిపోయే సంగతి.

ఆవిడ రిటైరైన టీచరమ్మ. కూతురూ అల్లుడూ జర్మనీలో ఉంటారట. నాలుగు రోజులు రోమ్ చూపిస్తామన్నారట. అమ్మాయి ఫోనులో రెండు చోట్ల ఫొటోలు పంపింది. ఒకటి టెర్మినీ అనే పెద్ద రైల్వే స్టేషను దగ్గర. ఇంకొకటి టైబర్ నదికి అవతల ఒడ్డున, త్రస్తేవెరె అనే పాతపేటలో. "రెండోది అచ్చం సినిమా సెట్టింగులా ఉందండీ. గోడల నిండా తీగలు, పూలు. మనసంతా అక్కడే ఉంది. కాకపోతే నాకు మోకాళ్ల నొప్పులు" అని రాశారు.

టీచరమ్మగారూ! మీ ప్రశ్నకి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, ఆ ఆఖరి మాటలో. త్రస్తేవెరె అందమైన పేటే, కాదనను. కానీ ఆ సందుల్లో నేలంతా చిన్న చిన్న నల్లరాళ్లు పరిచి ఉంటుంది. చక్రాల పెట్టె లాగితే గడగడలాడుతుంది, మోకాళ్లు అంతకంటే ఎక్కువ గడగడలాడతాయి. మెట్రో రైలు ఆ పేటలోకి పోదు. ట్రామో బస్సో ఎక్కాలి. టెర్మినీ దగ్గరైతే రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. కొలోసియం అక్కడికి రెండో స్టేషను. వాటికన్‌కి దగ్గరలో దిగే ఒత్తవియానో ఆరో స్టేషను. స్టేషను పేట కాబట్టి సందడీ, జేబుదొంగల భయమూ రెండూ ఉంటాయి. నన్నడిగితే ఆ రెండూ కాకుండా వాటికన్ పక్కనే ఉన్న ప్రాతి అనే పేట చూడమనండి మీ అమ్మాయిని. వెడల్పు వీధులు, చదును నేల, మెట్రో దగ్గర. పూలతీగల పేటకి ఒక సాయంత్రం వెళ్లి, కాఫీ తాగి, ఫొటో తీయించుకుని వచ్చేయండి. చూడాల్సిన చోటు వేరు, పడుకోవాల్సిన చోటు వేరు. గది తీసుకునేముందు లిఫ్టు ఉందో లేదో మాత్రం తప్పకుండా అడగమనండి. అక్కడి పాత మేడల్లో చాలావాటికి ఉండదు.

ఇంకొక సంగతి. రోమ్ వీధుల్లో ఇనప కుళాయిలుంటాయి. రోజంతా చల్లటి మంచినీళ్లు వస్తూనే ఉంటాయి. సీసా నింపుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కానీ తాగిన నీళ్లకి దారేది? కాఫీ హోటల్లో ఏదో ఒకటి కొనుక్కుని వాళ్ల బాత్‌రూము అడగాలి. అందుకే బస దగ్గరగా ఉంటే మధ్యాహ్నం ఒకసారి గదికి వచ్చి నడుం వాల్చి మళ్లీ వెళ్లొచ్చు. వంట గది ఉన్న బస అయితే, టెర్మినీ పక్కన ఎస్క్విలీనో పేట బజారులో బియ్యం, పప్పులు, పచ్చిమిరపకాయలు దొరుకుతాయి. ఆదోనివాళ్లం పచ్చిమిరపకాయ లేకుండా నాలుగు రోజులు ఎట్లా ఉంటాం చెప్పండి!

వెనిస్ కూడా చూస్తామని రాశారు. అక్కడా ఇదే తగవు. నీళ్ల మధ్య ఊళ్లో గది ఖరీదు ఎక్కువని చాలామంది ఇవతల గట్టు మీది మెస్త్రేలో దిగి రోజూ రైల్లో పది నిమిషాలు ప్రయాణం చేసి పోయి వస్తారు. రెండు రోజుల సరదాకి అది సరిపోతుంది. నెలరోజుల పనికి అయితే? అదే రెండో ఉత్తరం.

ఈ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను.

ఆవిడ సి.బెళగల్‌లో ఉంటారు. అమ్మకి రొమ్ము క్యాన్సర్. ఆపరేషను కర్నూల్లోనే అయింది. రేడియేషన్ మాత్రం హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో. వారానికి అయిదు రోజులు, అయిదు వారాలు. సంక్రాంతి వెళ్లాక మొదలు. తోడు వెళ్లేది ఈవిడే. ఇంట్లో నలుగురూ నాలుగు మాటలు. ఆయన, "బస్టాండు దగ్గర లాడ్జి తీసుకుంటే రావడానికీ పోవడానికీ సులువు" అంటున్నారు. కూకట్‌పల్లిలో ఉన్న ఆడబిడ్డ ఫోను చేసి, "మా ఇల్లుండంగా లాడ్జిలో దిగేదేంది వదినా, ఇంటే నలుగురు ఏమనుకుంటారు?" అంది. పక్కింటివాళ్లు "కర్నూల్లో ఉండి రోజూ పోయి రారాదా" అన్నారట. అమ్మ మాట వేరే. "అల్లుని చెల్లెలింట్లో నెల దినాలు ఎట్లుండాల? సుగ్గికి పోయి గుంటూరు మిరపచేన్లలో పట్టల కింద పండుకున్నదాన్ని. నాకేం రూములు, బాడుగలు! ఆసుపత్రి వరండాలో సాప పరుచుకుంటే సాలదా?" అంటోందట.

"నేను ఎవరి మాట వినాలి అక్కా?" అని ముగించారు.

చెల్లీ! నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ చెల్లీ అనే అంటాను. ఎవరి మాట వినాలో చెప్పేముందు నా కథ ఒకటి విను.

పాతికేళ్ల కిందటి మాట. మా అత్తగారిని హైదరాబాదులో ఒక ఆసుపత్రికి వరసగా పది రోజులు తీసుకెళ్లాల్సి వచ్చింది. మా వారి తరఫు బంధువుల ఇల్లు ఊరి చివర కాలనీలో ఉండేది. పెద్ద ఇల్లు, మంచి మనుషులు. "లాడ్జి మాటెత్తితే ఊరుకోం" అన్నారు. సరేనని దిగాం. తెల్లవారి అయిదింటికి లేచి, రెండు బస్సులు మారి, చీటీ కోసం వరసలో నిలబడేసరికి ఎనిమిది. తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి. నాలుగోరోజు మా అత్తగారు వరసలోనే కళ్లు తిరిగి కూలబడ్డారు. డాక్టరు చూసి, "పొద్దున్నుంచి నీళ్లు తాగారా?" అని అడిగారు. ఆవిడ మాట్లాడలేదు. రాత్రి పక్కమీద నాతో చెప్పారు. "తాగితే మళ్లీ యాడికి పోవాల నాయనా... దావలో నిన్ను ఆటో ఆపమని అడగాలంటే సిగ్గేసె." నాలుగు రోజులుగా ఆవిడ ఇంటి నుంచి బయల్దేరింది మొదలు మళ్లీ ఇంటికి వచ్చేదాకా గుక్కెడు నీళ్లు తాగలేదు! పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలియలేదు.

మర్నాడే ఆసుపత్రి వెనక సందులో గది తీసుకున్నాం. చెప్పుకోదగ్గ గది కాదు. కింద పిండిమర, పొద్దస్తమానం రొద. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. కానీ నడిస్తే ఆరు నిమిషాలు. చీటీ తీసుకుని గదికి వచ్చి ఆవిడ పడుకునేవారు, వేళకి మళ్లీ వెళ్లేవాళ్లం. మా అత్తగారు నీళ్లు తాగారు. నాకు ఆ గది రాజభవనంలా అనిపించింది.

మరి బంధువులు? రెండేళ్లు మాతో మాట్లాడలేదు. వాళ్లింట్లో పెళ్లికి కార్డు కూడా రాలేదు. ఆ తప్పు సగం మాదే. ఎట్లా చెప్పాలో తెలియక సంచులు సర్దుకుని వచ్చేశాం. నువ్వు ఆ పొరపాటు చెయ్యకూడదని ఈ సంగతి కూడా రాస్తున్నాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు లెక్క వేద్దాం. రోజూ కర్నూలు నుంచి పోయి రావడమనే మాట మర్చిపో. ఒక్కో వైపు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికే నాలుగు రోజుల్లో నడుం పడిపోతుంది. బెళగల్ నుంచి కర్నూలు దాకా మాత్రం మీకు టికెట్టు ఖర్చు ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా! ఆధార్ కార్డు పెట్టుకోండి. సరిహద్దు దాటే బస్సుకి మాత్రం టికెట్టు కొనాలి. హైదరాబాదు సిటీ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఉచితమే కానీ అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకి. మన కార్డు అక్కడ చెల్లదు. వెళ్లినవాళ్లు చాలామంది బస్సు ఎక్కాక కండక్టరుతో వాదన పెట్టుకుంటున్నారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కూకట్‌పల్లి సంగతి. 2017 నవంబరులో మెట్రో వచ్చాక ఈ దూరాలు చాలా తగ్గాయి. కూకట్‌పల్లి ఎక్కితే లకడీకాపూల్ పదకొండో స్టేషను. బండి మారక్కర్లేదు. లిఫ్టులున్నాయి, ఆడవాళ్లకి వేరే చోటుంది. ఈ మాట వినగానే ఆడబిడ్డ ఇల్లే నయమనిపిస్తుంది. కానీ ఇంటి నుంచి స్టేషనుకి ఒక ఆటో, లకడీకాపూల్ నుంచి ఆసుపత్రికి ఒక ఆటో. రావడానికి మళ్లీ రెండు. రోజుకి నాలుగు. అయిదు వారాల్లో ఇరవై అయిదు రోజులు. అంటే వంద ఆటోలు! వందసార్లు ఎక్కడం, వందసార్లు దిగడం. ఆపరేషనైన వైపు చెయ్యి ఎత్తి ఊచ పట్టుకోవడం అమ్మకి ఎంత కష్టమో నీకు తెలుసు. పైగా పొద్దుట పూట కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ఆఫీసులకి పోయే పిల్లలతో రైలు కిటకిటలాడుతుంది.

మొదటి వారం చూసి మోసపోవద్దు. రేడియేషన్ పెట్టే సమయం కొద్ది నిమిషాలే. నొప్పి ఉండదు. "ఓస్, ఇంతేనా" అంటుంది అమ్మ. నీరసం తరువాత వస్తుంది. రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. మూడో వారం నుంచి మంచం దిగాలంటేనే బద్ధకంగా ఉంటుంది చాలామందికి. నువ్వు బస ఎంచుకోవాల్సింది మొదటి వారంలో నడిచే అమ్మ కోసం కాదు, నాలుగో వారంలో నడవలేని అమ్మ కోసం.

ఇక మీ ఆయన చెప్పిన బస్టాండు పేట. కర్నూలు బస్సులు శంషాబాదు, ఆరాంఘర్ మీదుగా వచ్చి మహాత్మాగాంధీ బస్ స్టేషనులో ఆగుతాయి. రైల్లో వస్తే గద్వాల, మహబూబ్‌నగర్ మీదుగా కాచిగూడలో దిగుతారు. గౌలిగూడ, అఫ్జల్‌గంజ్, కాచిగూడ, సుల్తాన్ బజారు వైపు లాడ్జిలకి లోటు లేదు. మన జిల్లావాళ్లు తరతరాలుగా దిగే పేటలవి. ఒక రాత్రి ఉండి పని చూసుకుని పోయేవాళ్లకి బాగుంటాయి. ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లేవాళ్లకైతే ఇవే దగ్గర. మీకు కాదు. అక్కడి నుంచి లకడీకాపూల్ అయిదు స్టేషన్లే అయినా, ఆటోల లెక్క మళ్లీ అదే. రాత్రంతా బస్సుల హారన్లు. రావడం ఒకసారి, పోవడం ఒకసారి. ఆసుపత్రికి మాత్రం ఇరవై అయిదుసార్లు. ఏది దగ్గరగా ఉండాలో మీ ఆయన్నే లెక్క చెప్పమను.

అన్నట్టు, ఆదోని వైపు నుంచి రాయచూరు, తాండూరు, వికారాబాదు మీదుగా రైల్లో వచ్చేవాళ్లు ఊరికి పడమటి కొసన లింగంపల్లి దగ్గర ప్రవేశిస్తారు. మీకూ వాళ్లకీ ఒకే జిల్లా అయినా, ఊళ్లోకి వచ్చే గుమ్మం వేరు. కూకట్‌పల్లి, మియాపూర్ వాళ్లకి దగ్గర, మీకు దూరం. ఒకరు బాగుందన్న పేట ఇంకొకరికి బాగుండకపోవడం ఇందుకే.

ఇంకొక పొరపాటు కూడా తరచుగా జరుగుతోంది. గాంధీ ఆసుపత్రి అంటే సికింద్రాబాదు స్టేషను ఎదురుగా అని పెద్దవాళ్లు ఇంకా చెబుతుంటారు. అది 2003లోనే ముషీరాబాదుకి మారింది. ఇప్పుడు దాని పేరుతో మెట్రో స్టేషనే ఉంది. స్టేషను ఎదుట గది తీసుకుని "ఆసుపత్రి ఎక్కడ?" అని వెతికినవాళ్లని నేనెరుగుదును. నిమ్స్‌కి వెళ్లేవాళ్లు పంజాగుట్ట, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డు వైపు చూసుకోవాలి. బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి కూడా బంజారాహిల్సే కానీ అది పదో నంబరు రోడ్డు. క్యాన్సర్ ఆసుపత్రి అనగానే ఆటో అబ్బాయి ఏదో ఒకచోటికి తీసుకుపోగలడు. అందుకని ఎం.ఎన్.జె., రెడ్‌హిల్స్ అని రెండు మాటలూ కలిపి చెప్పు.

కాబట్టి చెల్లీ, నా మాట ఇది. రెడ్‌హిల్స్‌లోనే చూడు. దొరక్కపోతే లకడీకాపూల్ వైపు. అదీ కాకపోతే నాంపల్లి. ఆ వరసలోనే. సంక్రాంతి వెళ్లాక అన్నావు కాబట్టి నాంపల్లిని ఆఖరున పెట్టాను. జనవరి 1 నుంచి నెలన్నర పాటు అక్కడి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జరుగుతుంది. సాయంత్రమయ్యేసరికి ఆ రోడ్లన్నీ జనమే. ఇంకెవరైనా భాద్రపదంలో వెళ్లేట్టయితే వినాయక నిమజ్జనం రోజు గుర్తు పెట్టుకోండి. ఆరోజు ట్యాంక్‌బండ్ వైపు పోయే పెద్ద రోడ్లలో బండ్లు తిరగనివ్వరు. నడిచి చేరే దూరంలో ఉంటే ఇవేవీ అడ్డు కావు.

రెడ్‌హిల్స్‌లోనే పిల్లల ఆసుపత్రి నిలోఫర్ కూడా ఉంది. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. నిజాం రెండో కోడలు నిలోఫర్, టర్కీ రాజకుమారి. తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే తట్టుకోలేక, ఇకమీదట ఇట్లా జరగకూడదని పట్టుబట్టిందట. 1953లో ఆ ఆసుపత్రి వెలిసింది. రెండు పెద్దాసుపత్రులు పక్కపక్కన ఉండటం వల్ల ఆ చుట్టూ మందుల షాపులు, చిన్న హోటళ్లు, రోజుల లెక్కన వారాల లెక్కన గదులిచ్చే ఇళ్లూ ఉన్నాయి. మీలాంటి వాళ్లు వచ్చిపోయే పేట కాబట్టి ఎవర్ని అడిగినా వింతగా చూడరు. తలకి గుడ్డ కట్టుకున్న అమ్మని చూసి "ఏమైంది, ఏమైంది" అని అడగరు. అది కూడా తక్కువ సుఖం కాదు.

గది చూసేటప్పుడు మంచం మీద దుప్పటి ఎంత తెల్లగా ఉందో తరువాత చూడొచ్చు. ముందు బాత్‌రూము తలుపు తీయి. గడియ పడుతోందా? కూర్చుని లేచే కమోడ్ ఉందా? వేడినీళ్లు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా? కింది అంతస్తా, లిఫ్టా? రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, మధ్యరాత్రి అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే తీసేవాళ్లెవరు? ఇవి అడగడానికి మొహమాటపడకు. బాడుగ ఇచ్చేది మనం. వారం లెక్కన మాట్లాడితే రోజు లెక్క కంటే తగ్గిస్తారు. అయిదు వారాల డబ్బూ ఒకేసారి మాత్రం కట్టకు. నచ్చకపోతే మారడానికి చేతిలో ఉండాలి. ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకి తక్కువ ఖర్చు బసల గురించి చెప్పేవాళ్లుంటారు. మొదటి రోజే అడిగి చూడు.

అమ్మ వరండా మాట. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. సుగ్గికి పోయి, వానకీ మంచుకీ పట్టల కింద పడుకుని, ఆ కూలి డబ్బులతోనే నిన్ను పెంచి ఉంటుంది. మన కర్నూలే రాజధానిగా ఉన్న 1953 - 56 మధ్య ఆఫీసులకి ఇళ్లు చాలక గుడారాలు వేశారు. దొరల ఆఫీసులే గుడారాల్లో నడిచాయి కదా! గుడారం నామోషీ కాదు. కానీ అమ్మకి ఇప్పుడున్నది గాయం మానే ఒళ్లు. ఆ చర్మానికి దుమ్మూ చెమటా పనికిరావు. రోజూ శుభ్రంగా ఉండాలి, నిద్ర ఉండాలి. "గది నీకోసం కాదమ్మా, నాకోసం. నేను వరండాలో పడుకోలేను" అని చెప్పి చూడు. తనకోసమంటే ఒప్పుకోని తల్లులు బిడ్డ కోసమంటే ఒప్పుకుంటారు. ఇదొక్క అబద్ధం ఆడొచ్చు.

ఇప్పుడు ఆడబిడ్డ. ఇక్కడ జాగ్రత్త. "మీ ఇంటికి రాలేం" అని ఫోనులో చెప్పకు. "అమ్మాయ్, నాకు ఆ ఊరు తెలీదు. ఆసుపత్రికి నడిచిపోయేంత దగ్గర్లో గది నువ్వే చూసిపెట్టాలి. నువ్వు చూస్తేనే నాకు ధైర్యం" అని అడుగు. వెతికే పని ఆమెకి అప్పగిస్తే గది ఆమె చూసిన గది అవుతుంది. లాడ్జిలో దిగారన్న మాట ఉండదు. శుక్రవారం చికిత్స అయ్యాక మెట్రో ఎక్కి ఆమె ఇంటికి వెళ్లండి. శని ఆదివారాలు ఉండి, సోమవారం పొద్దుటే ఆమె ఇంటి నుంచి నేరుగా ఆసుపత్రికి. అయిదు వారాల్లో పది ప్రయాణాలు. అంతమాత్రం అమ్మ ఓర్చుకుంటుంది. వియ్యాలవారింట్లో నెల రోజులంటే అమ్మకి గొంతులో ముద్ద దిగదు. రెండు రోజులంటే చుట్టం. వేడి అన్నం, రసం, ఇల్లు, పిల్లల అల్లరి, అన్నీ దొరుకుతాయి. వెళ్లేటప్పుడు బెళగల్ నుంచి శెనక్కాయలు, జొన్నపిండి తీసుకెళ్లడం మరిచిపోకు. చేతులూపుకుంటూ పోతే అమ్మకి నామోషీ.

నాలుగో వారం నీరసం మరీ ఎక్కువగా ఉంటే ఆ శనివారం వెళ్లకండి. ఆడబిడ్డనే క్యారేజీ తీసుకుని రమ్మను. వస్తుంది.

తిండి సంగతి చెప్పకుండా ఈ పేజీ ఎట్లా ముగుస్తుంది! లాడ్జి గదుల్లో స్టవ్ వెలిగించనివ్వరు. కరెంటు కెటిల్‌కి చాలాచోట్ల అభ్యంతరం ఉండదు, అడిగి తీసుకెళ్లు. సాయంత్రం పూట హైదరాబాదు వీధుల్లో జొన్నరొట్టెలు కాల్చి అమ్మేవాళ్లుంటారు. నగరపాలక సంస్థవాళ్ల అయిదు రూపాయల భోజనం నీకు మధ్యాహ్నం పనికొస్తుంది. పొద్దుటి పూటకి మాత్రం ఇంటి నుంచి ఏర్పాటు చేసుకో. నేను మా అత్తగారికి చేసిన పద్ధతి చెబుతాను. దీన్ని మేం స్టవ్ లేని ఉగ్గాని అంటాం.

ఇంట్లోనే గ్లాసు పుట్నాల పప్పు, చిన్న ఎండుకొబ్బరి ముక్క, తగినంత ఉప్పు, రెండే ఎండుమిరపకాయలు వేసి పొడి కొట్టుకో. మందు నడుస్తున్న ఒళ్లు, మన కారం మనం తిన్నట్టు పనికిరాదు. ఆరు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, పసుపు వేసి తిరగమోత పెట్టి, బాగా చల్లారాక పొడి సీసాలో పోసుకో. ఉల్లిపాయ వెయ్యకు, నిలవ ఉండదు. తడి చెంచా తగలకపోతే వారం రోజులు బాగుంటుంది. కూకట్‌పల్లి వెళ్లినప్పుడల్లా కొత్తది చేసుకోవచ్చు. పొద్దుటే బొరుగులు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక్క నిమిషం తడిపి, గట్టిగా పిండి, రెండు చెంచాల తిరగమోత, రెండు చెంచాల పొడి, నిమ్మకాయ రసం కలిపితే అయిపోయింది. అయిదు నిమిషాల పని. నోటికి ఇంటి రుచి. ఏది తినొచ్చు, ఏది తినకూడదు అన్నది మాత్రం డాక్టరు చెప్పినట్టే వినాలి సుమా!

ఒంట్లో ఓపిక ఉన్న సాయంత్రాల్లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌లో కాసేపు కూర్చోబెట్టు. పెద్ద చెట్లు, సిమెంటు బల్లలు. గది గోడలు చూసి చూసి విసుగెత్తిన మనిషికి చెట్టు నీడ ఎంత హాయో మన పల్లెవాళ్లకి చెప్పక్కర్లేదు.

గది దొరికాక రెండు ముక్కలు రాయి చెల్లీ. ఏ సందులో, నడిస్తే ఎన్ని నిమిషాలో, ఆడబిడ్డ కోపం తగ్గిందో లేదో. పొద్దున బయల్దేరేముందు అమ్మ నీళ్లు తాగుతోందా అన్నది ముందు రాయి.